బుధవారం వాన

పొద్దున ఎనిమిది ఇరవై అయ్యేసరికి ఆయన మెట్లెక్కడం మొదలుపెడతాడు. వాతావరణ కార్యాలయానికి నాలుగు అంతస్తులు. లిఫ్టు ఉంది గానీ అది మూడో అంతస్తులో డైరెక్టరు గది దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పైకి రాకపోకలు చేసే అధికారం వానకీ ఆయనకీ మాత్రమే ఉందని ఆఫీసులో ఒక పాత జోకు. చేతిలో రిజిస్టరు, చొక్కా జేబులో రెండు పెన్సిళ్లు, చంకలో గుడ్డ చుట్టిన కొలజాడీ. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి సర్వీసు పుస్తకంలో ఉంది గానీ అటెండరు నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆయన మిల్లీమీటరు గారే.

డాబా మీద రెండు వర్షమాపకాలు. ఒకటి కొత్తది, నగరంలో పడిన వాన కొలవడానికి. రెండోది పాత రాగిది, ఒక పక్క సొట్ట పడింది. అది లోయ ఊరి వాన కొలవడానికి. లోయ ఊరు అక్కడికి మూడు వందల మైళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా పొరుగు దేశం సైన్యం చేతిలో ఉంది. ఈ దేశం అచ్చువేసే పటాల్లో మాత్రం ఈ దేశం రంగులోనే ఉంది.

మన సైన్యం లోయ వదిలి వచ్చేసిన ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది: ప్రభుత్వ ఆస్తి ఏదీ శత్రువుకి చిక్కకూడదు. అప్పటికి ఆయన ఇరవై ఆరేళ్లవాడు. తండ్రి చేసిన ఉద్యోగమే, అదే ఊళ్లో, వాన కొలిచే పని చేస్తున్నాడు. బడి వెనక రాతిదిమ్మె మీంచి వర్షమాపకాన్ని ఊడదీసి, గోనెపట్టాలో చుట్టి, ఆఖరి లారీలో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఇక్కడ డాబా మీద నిలబెట్టిన మూడో రోజు, ఆకాశం తుడిచిన అద్దంలా ఉండగా, అందులో పద్నాలుగు మిల్లీమీటర్ల నీళ్లు కనబడ్డాయి. అప్పటి డైరెక్టరు పైకి వచ్చి, వంగి చూసి, వేలు ముంచి చూశాడు.

"బదిలీ అయింది నువ్వేనయ్యా, అది కాదు. రాయి," అని కిందికి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి రాస్తూనే ఉన్నాడు. రేడియో గది ఆ భవనంలోనే కింది అంతస్తులో ఉంది. సాయంత్రం ఆరున్నరకి అనౌన్సరమ్మ వాతావరణ విశేషాల్లో అన్ని ఊళ్లూ అయ్యాక చిట్టచివర "లోయ ఊళ్లో" అని మొదలుపెట్టి ఆ అంకె చదువుతుంది. ఆ ఊరు మనదేనని రోజుకోసారి ప్రపంచానికి గుర్తుచెయ్యడం ప్రభుత్వం ఉద్దేశం. ఉద్దేశం సంగతి ఎలా ఉన్నా, అంకె మాత్రం నిజం.

బుధవారాల కథ వేరు.

ఆయన అక్క అక్కడే ఉండిపోయింది. బడిలో చిన్న తరగతులకి పాఠాలు చెప్పేది. లారీ ఎక్కమని బతిమాలితే, "నువ్వూ ఆ రాగి డబ్బా ప్రభుత్వ ఆస్తిరా, వెళ్లండి. నన్ను ఏ రిజిస్టర్లోనూ ఎక్కించుకోలేదు," అంది. అది ఒక బుధవారం. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి, ఫోన్లు ఆగిపోయాయి. ఆ వేసవిలోనే, లోయలో చినుకు పడే వీలే లేని ఒక బుధవారం పొద్దున, వర్షమాపకంలో సరిగ్గా ఆరు మిల్లీమీటర్లు కనబడ్డాయి. ఆయన కొలజాడీ పట్టుకుని డాబా మీదే చతికిలబడ్డాడు.

ఆరు మిల్లీమీటర్లంటే వాళ్లింట్లోని స్టీలు గ్లాసు, అంచుదాకా. చిన్నప్పుడు అక్క ఒకసారి ఆటకి ఆ గ్లాసుతో వర్షమాపకంలో నీళ్లు పోసింది. నాన్న వాన అనుకుని రాసేశాడు. తీరా సంగతి బయటపడ్డాక, రిజిస్టర్లో కొట్టివేతలు ఉండకూడదన్న నియమం ఒకటి అడ్డొచ్చి, ఆ ఆరు అలాగే ఉండిపోయింది. "ఊరందరికీ ఎండ, మన పిల్లకి వాన," అని నాన్న పోయేదాకా దెప్పాడు.

ఆయన ఆరు అని రాశాడు. సాయంత్రం రేడియో ఆరు అని చదివింది. మరుసటి బుధవారం మళ్లీ ఆరు. ఆమె అక్కడ ఆ ఖాళీ దిమ్మె మీద పోస్తుంది, ఈయన ఇక్కడ రాస్తాడు, రేడియో చదువుతుంది, ఆమె వింటుంది. ఆమె ఉన్నట్టు ఈయనకీ, ఈయన ఉన్నట్టు ఆమెకీ తెలుస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో అక్కాతమ్ముళ్ల మధ్య నడిచిన మాటలు అంతే. ఒక్క వారం తప్పలేదు. ఒక్కసారి మాత్రం మూడే వచ్చింది. జ్వరం కాబోలు అనుకుని ఆ వారమంతా ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

"అక్కయ్యగారి వాన వచ్చిందా?" అని అనౌన్సరమ్మ బుధవారం చీటీ అందుకుంటూ అడిగేది.

"వచ్చిందమ్మా."

ఇంట్లో భార్య కూడా అదే అడిగేది. "వదినగారు ఎలా ఉన్నారు?" ఆమె ఆడపడుచుని ఎన్నడూ చూడలేదు. ఫొటో కూడా చూడలేదు. ఆరు అనే అంకెగా మాత్రమే ఎరుగును.

ముప్ఫై ఒకటో ఏడాది నడివేసవిలో, సముద్రం అవతలి పెద్ద దేశం అధ్యక్షుడు ఒక విందులో లేచి నిలబడి, లోయ పొరుగు దేశానిదేనని తాము గుర్తించబోతున్నామన్నాడు. రెండు వారాల్లో అయిదు దేశాల సమావేశం, సంతకాలు. మన ప్రభుత్వ ప్రతిస్పందన ఎప్పటి వరసలోనే నడిచింది. మొదటిరోజు ఖండించారు. రెండోరోజు తీవ్రంగా ఖండించారు. మూడోరోజు ఆ దేశంలోని మన రాయబారిని వెనక్కి పిలిచారు. ఆయన సెలవు మీద ఇక్కడే ఉన్నాడు గనక వెంటనే వచ్చేశాడు. నాలుగోరోజు బడి పటాల్లో లోయ రంగు మరికాస్త ముదురుగా వెయ్యమన్నారు. అయిదోరోజు ఎవరికో అసలు ప్రశ్న తట్టింది: ఆ ఊళ్లో మన పాలన ఆగలేదని చూపించడానికి చేతిలో ఒక్క కాగితమైనా ఉందా?

వెతికారు. శిస్తు, కోర్టు, తపాలా, జనాభా లెక్క, అన్నీ ముప్ఫై ఒక్క ఏళ్ల కిందటే ఆగిపోయాయి. ఒక్కరోజు తప్పకుండా నడిచింది ఒక్క వాన రిజిస్టరే.

జీపు వచ్చి ముప్ఫై ఒక్క రిజిస్టర్లూ ఎక్కించుకుపోయింది. తన నేల మీద పడే ప్రతి చినుకునీ లెక్కబెట్టుకునే ప్రభుత్వం తమదని మంత్రిగారు ప్రకటించారు. పేపర్లో మిల్లీమీటరు గారి ఫొటో పడింది.

"ముప్ఫై ఏళ్ల సర్వీసుకి ఒక్క ఫొటో, అదీ కళ్లు మూసుకుని," అంది భార్య. అయినా కత్తిరించి దాచింది.

సోమవారం విదేశాంగ శాఖ కార్యదర్శి కబురు పెట్టాడు. పెద్ద గది, పెద్ద బల్ల, బల్ల మీద ఆయన రిజిస్టర్లు. ఒక్కో పుస్తకంలోంచి ఎర్ర కాగితపు ముక్కలు నాలుకల్లా బయటికి వచ్చి ఉన్నాయి.

"కూర్చోండి. మీ పుస్తకాలు నవలల్లా చదివాను," అన్నాడు కార్యదర్శి. "ఒక్కటే అంతుపట్టలేదు. నడివేసవిలో కూడా బుధవారం బుధవారం ఆరు మిల్లీమీటర్లు. మీ లోయలో మబ్బులకి వారాలు తెలుసా?"

ఆయన జేబులో పెన్సిళ్లు సర్దుకున్నాడు.

"మీ సర్వీసు పుస్తకం కూడా తెప్పించాను. కుటుంబ వివరాల్లో అక్క అని ఉంది. చిరునామా లోయ ఊరు, బడి వీధి." కార్యదర్శి ముందుకి వంగాడు. "భయపడకండి మిల్లీమీటరు గారూ. అలాగే కదా అంటారు మిమ్మల్ని? ఇది తప్పు కాదు, వరం. ఆ ఊరి పౌరురాలు ఒకావిడ ముప్ఫై ఒక్క ఏళ్లుగా, వారం తప్పకుండా, మన ప్రభుత్వ పరికరానికి నీళ్లు పోసి మనతో మాట్లాడుతోంది. విధేయత అంటే ఇంతకంటే ఏముంటుంది? శుక్రవారం సమావేశంలో మంత్రిగారు ఆవిడ పేరు చదువుతారు. ఫొటో ఏదన్నా ఉంటే ఇవ్వండి."

"చదివితే ఆమె ఏమవుతుందండీ?"

"చరిత్రలో నిలిచిపోతుంది."

"అది శుక్రవారం సంగతి. శనివారం ఏమవుతుందండీ?"

కార్యదర్శి పెన్నుకి మూత పెట్టాడు. "ఆ ఊరు మనదని మనం అంటున్నాం. మన ఊళ్లో మన మనిషిని ఎవరో ఏదో చేస్తారని మనమే ఎలా అంటాం?"

ఆయన బల్ల మీది రిజిస్టర్ల కేసి చూశాడు. పై పుస్తకం అట్ట మీద తన చేతి తడి మరక ఒకటి ఎప్పటిదో ఉంది.

"మా అక్క లేదండీ," అన్నాడు. "ఆ ఏడాదే పోయింది."

"మరి ఈ ఆరు?"

"నేనే వేశాను. వారం మధ్యలో ఒకరోజు మెట్లెక్కడానికి బద్ధకమనిపించేది. కిందే కూర్చుని తోచిన అంకె వేసేవాణ్ణి."

"ముప్ఫై ఒక్క ఏళ్లూ ఒకే అంకె తోచిందా?"

"బద్ధకస్తుడికి కొత్త అంకె ఎక్కణ్ణుంచి తోస్తుందండీ."

కార్యదర్శి పై రిజిస్టరు తీసి పక్కన పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. "మంచిది. ఎల్లుండి బుధవారం. ఎనిమిదిన్నరకి నేనూ మెట్లెక్కుతాను. నీళ్లుంటే ఆవిడ ఉన్నట్టు, మీరు అబద్ధమాడినట్టు. లేకపోతే మీరు చెప్పిందే నిజం," అన్నాడు.

ఇంటికి వచ్చి బూట్లు విడవకుండానే భార్యకి సంగతి చెప్పాడు. ఆమె చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"బతికున్న మనిషిని పోయిందనడానికి నోరెలా వచ్చిందండీ మీకు?"

"బతికుండాలనే."

"ఎల్లుండి వదినగారు పోస్తారుగా మరి?"

"పొయ్యకుండా ఎందుకుంటుంది? పిడుగులు పడ్డా పోసింది."

"ఆగమని చెప్పాలి." ఆమె కుర్చీలో కూలబడింది. "చెప్పడానికి మాత్రం మీ దగ్గర ఏముంది, ఒక్క అంకె తప్ప?"

మంగళవారం పొద్దున మెట్లెక్కి రాగి వర్షమాపకం పై గరాటు తీస్తే, లోపలి సీసా బరువుగా వచ్చింది. లోయలో ముందురోజు సాయంత్రం వేసవి గాలివాన కొట్టినట్టుంది. కొలజాడీలో పోసి, కళ్లకి సమానంగా ఎత్తి చూశాడు. నలభై రెండు. అలవాటు కొద్దీ రెండోసారి చూశాడు. నలభై రెండే. అక్క ఇంటి రేకులు హోరెత్తిపోయి ఉంటాయి. చూరు ఇంకా కారుతూ ఉంటుంది.

తండ్రి రోజుల నుంచి ఈ రోజుదాకా ఆ ఊరి రిజిస్టర్లో లేని వాన రాసింది లేదు, ఉన్న వాన రాయనిది లేదు. ఆరు కూడా అబద్ధం కాదు; ఆ నీళ్లు నిజంగా అందులో ఉండేవి. ఆయన పెన్సిలు రెండుసార్లు మార్చాడు. ఆఖరికి సున్నా వేసి, నలభై రెండు మిల్లీమీటర్ల వానని డాబా మీద పారబోశాడు. కాలుతున్న గచ్చు నిమిషంలో తాగేసింది.

చూరు నీళ్లు కారిన రోజే రేడియోలో వాన లేదని వింటే అక్క ఏమనుకుంటుంది? తమ్ముడు అబద్ధం రాశాడంటే, రాయాల్సిన అవసరమేదో వచ్చిపడిందనుకోవాలి. లేదా, రాసింది అసలు తమ్ముడే కాదనుకోవాలి. ఆ రెండోది అనుకుంటే దానర్థం ఏమిటో ఆయనకి తెలుసు. దిగేటప్పుడు మెట్లు లెక్కబెట్టుకుంటూ దిగాడు. ఎనభై ఎనిమిది.

అనౌన్సరమ్మ చీటీ అందుకుని చదువుకుంది. తర్వాత కిందికి చూసింది.

"బూట్లు తడిశాయి, మిల్లీమీటరు గారూ."

"చూసుకోలేదమ్మా."

ఆమె చీటీ మడిచి పట్టుకుంది. సాయంత్రం అన్ని ఊళ్లూ చదివాక, ఎప్పటికంటే కాస్త నిదానంగా, ఒక్కో మాటా విడదీసి, "లోయ ఊళ్లో వర్షం లేదు" అని చదివింది.

బుధవారం ఎనిమిది ఇరవైకి ఆయన వెనక కార్యదర్శి, డైరెక్టరు, ఇద్దరు సాక్షులు, ఒక ఫొటోగ్రాఫరు మెట్లెక్కారు. మూడో అంతస్తు దాకా లిఫ్టు ఉందని డైరెక్టరు అన్నాడు గానీ కార్యదర్శి వద్దన్నాడు. పైకి చేరేసరికి కార్యదర్శి రొప్పుతూ పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదిన్నర అయింది. మిల్లీమీటరు గారు గరాటు తీసి, సీసా బయటికి తీసి, కొలజాడీలో వంచాడు.

చుక్క లేదు.

కార్యదర్శి సీసా లాక్కుని తలకిందులు చేశాడు. రాగి డబ్బా లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు. చెయ్యి తీసి చూసుకున్నాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. డైరెక్టరు ఊరి కేసి తిరిగి, ఎక్కడో ఉన్న మిద్దెల్ని శ్రద్ధగా చూస్తున్నాడు. సాక్షులిద్దరూ ఆఫీసువాళ్లే. వాళ్లకీ బుధవారాల సంగతి తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు.

"అయితే మీరు చెప్పిందే నిజమన్నమాట," అన్నాడు కార్యదర్శి. గొంతులో నిజంగానే విచారం ఉంది.

ఆయన ఖాళీ కొలజాడీని గుడ్డలో చుట్టాడు. అక్క పొయ్యలేదు. అర్థమై పొయ్యలేదా, తమ్ముడు పోయాడనుకుని పొయ్యలేదా?

మిగతాదంతా పేపర్లలో వచ్చిందే. రిజిస్టర్లని సాక్ష్యం నుంచి ఉపసంహరించుకున్నారు. శుక్రవారం మంత్రిగారు నిరసనగా సమావేశం నుంచి లేచి వచ్చేశారు. ఆయన లేచాక మిగతావాళ్లు సంతకాలు చేశారు. ఆ సంతకాలు చెల్లవని ప్రభుత్వం ప్రకటించింది. వారం తర్వాత, సాంకేతిక కారణాల వల్ల ఇకమీదట వాతావరణ విశేషాల్లో లోయ ఊరు చదవనక్కర్లేదని ఒక్క వాక్యపు సర్క్యులర్ వచ్చింది. దాని గురించి ఎవరూ ప్రకటన చెయ్యలేదు.

రిటైరు కావడానికి పది నెలలుందనగా ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. పేపరువాళ్లు దొంగవానల గుమాస్తా అని పేరు పెట్టారు. వీధిలో కూరగాయల బండివాడు, "ఏం సార్, ఈ బుధవారం పడుద్దా?" అని అరిచేవాడు. మొదట్లో భార్య వాడితో పోట్లాడేది. తర్వాత కూరలు పక్కవీధిలో కొనడం మొదలుపెట్టింది.

ఒకరోజు అటెండరు గోనెపట్టాలో చుట్టిన మూట తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "పనికిరాని సామాను కింద రాసేశారండి. పూలకుండీకి బావుంటుందేమో మీకిచ్చి రమ్మన్నారు డైరెక్టరు గారు," అన్నాడు. లోపల రాగి వర్షమాపకం, దానితోపాటు కొలజాడీ, గుడ్డలో భద్రంగా.

పెరట్లో దాన్ని నిలబెట్టాడు. బుధవారం చూశాడు, పొడి. మళ్లీ బుధవారం, పొడి. భార్య మొదటి రెండు వారాలు అడిగింది, తర్వాత అడగడం మానేసింది. నీళ్లు పోసి చెప్పడానికి అక్కకి ఇంకా దారి ఉంది. ఈయనకే, తిరిగి చదివే రేడియో లేదు. పెరటి మెట్టు మీద కూర్చుని ఆయన ఒకటే ఆలోచించేవాడు. కార్యదర్శికి అక్క పోయిందని చెప్పాడు. అక్కకి తాను పోయానని చెప్పాడు. ఒకే వారంలో ఇద్దర్నీ చంపాడు. అరవై దాటిన మనిషి, ఆ ఇంట్లో ఒక్కత్తీ, గ్లాసు బోర్లించి కూర్చుని ఉంటుంది.

వానాకాలం వచ్చింది. ఇప్పుడు పొరుగు దేశం రేడియో వాతావరణ విశేషాల్లో లోయ ఊరినే అన్నింటికంటే ముందు చదువుతోంది. ఆయన రేడియో చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆదివారం కుంభవృష్టి అన్నారు, పెరట్లో నలభై. సోమవారం అన్నారు, ముప్ఫై ఎనిమిది. మంగళవారం సాయంత్రం, లోయలో పొద్దుట్నుంచీ ఎడతెరిపి లేదనీ, వాగు పొంగి వంతెన మూసేశారనీ, రేపు కూడా ఇంతేననీ చెప్పారు.

బుధవారం ఎనిమిదిన్నరకి గరాటు తీశాడు. చుక్క లేదు. వేలు పెట్టి చూస్తే రాగి వెచ్చగా, పొడిగా తగిలింది. సొట్ట పెద్దదై ఎక్కడైనా కారుతోందేమోనని బిందెడు నీళ్లు పోసి చూశాడు. కారలేదు. తుడిచి, ఆరబెట్టి మళ్లీ నిలబెట్టాడు.

గురువారం యాభై ఒకటి.

ఎవరితోనూ ఏమీ అనకుండా ఇంకో వారం ఆగాడు. సోమవారం ముప్ఫై మూడు. మంగళవారం ఇరవై తొమ్మిది. బుధవారం సున్నా. గురువారం నలభై నాలుగు. అప్పుడు భార్యని పెరట్లోకి పిలిచాడు.

"లోయంతా వాన పడుతుంటే ఆ ఒక్క దిమ్మె మీద పడకుండా ఎలా ఉంటుందండీ?" అంది ఆమె.

"మూసిపెడితే పడదు."

"ఎవరో పిల్లకాయలు మూసుంటారు."

"పిల్లకాయలు బుధవారం మూస్తే బుధవారం పొద్దున లేచి మూస్తారు. అప్పటికి మంగళవారం వాన అంతా లోపల ఉంటుంది." ఆయన రాగి సొట్ట మీద వేలు పెట్టాడు. "వాన కొలిచేవాళ్ల రోజు ఎనిమిదిన్నరకి మొదలై ఎనిమిదిన్నరకి ముగుస్తుంది. మంగళవారం ఎనిమిదిన్నరకి మూసి, బుధవారం ఎనిమిదిన్నర దాటాక తీస్తేనే ఇలా వస్తుంది. మా నాన్న కాక ఆ లెక్క తెలిసినవాళ్లు ఆ లోయలో ఇద్దరే. ఒకణ్ణి ఇక్కడున్నాను."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన లోపలికి వెళ్లి గీతల నోటుపుస్తకం ఒకటి తెచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అది ఏ ప్రభుత్వానిదీ కాదు. ఆ అంకె ఏ రేడియోలోనూ రాదు. తనకి అందిందని అక్కకి చెప్పే దారి ఇక ఈ జన్మకి లేదు. ఆమె మాత్రం వారం వారం ఆ వానలో గొడుగుతో వెళ్లి, తమ్ముడు చూస్తాడన్న ఒక్క నమ్మకంతో మూస్తూనే ఉంటుంది. పెన్సిలు చెక్కి, బుధవారం గడిలో సున్నా వేశాడు.

భార్య పక్కన వచ్చి కూర్చుంది. చాలా నెలల తర్వాత అడిగింది.

"వదినగారు ఎలా ఉన్నారు?"

"బాగానే ఉంది," అన్నాడు. "పెద్ద గిన్నె బోర్లించి పైన రాయి పెట్టినట్టుంది. ఒక్క చుక్క కారలేదు."